రిటైరై ఇండియా వచ్చేస్తే సోషల్ సెక్యూరిటీ, 401(కె) మీద పన్ను ఎక్కడ కట్టాలి?

ఎడిసన్_గోదారోడు
న్యూజెర్సీలో పాతికేళ్లకు పైగా ఉద్యోగం చేశాను. నేను సిటిజన్, మా ఆవిడది గ్రీన్ కార్డు. పిల్లలు ఎవరి దారిన వాళ్లు స్థిరపడ్డారు. వచ్చే ఏడాది రాజమండ్రి వచ్చేద్దామని గట్టిగా అనుకుంటున్నాం. రిటైర్మెంట్ పొదుపు కింద కంపెనీ ద్వారా పెట్టిన 401(కె), సొంతంగా పెట్టుకున్న మామూలు ఐఆర్ఏ, ముందే పన్ను కట్టి వేసే రాత్ ఐఆర్ఏ కొంచెం ఉన్నాయి. సోషల్ సెక్యూరిటీ (అమెరికా వృద్ధాప్య పెన్షన్) ఇంకా మొదలుపెట్టలేదు. ఇండియాలో ఎన్‌ఆర్‌ఈ (విదేశీ సంపాదన దాచుకునే ఎన్నారై ఖాతా) ఫిక్స్‌డ్ డిపాజిట్లు, కోనసీమలో నాన్నగారి నుంచి వచ్చిన పొలం, దాని కౌలు.

నా బాధంతా ఒక్కటే. ఇక్కడి సీపీఏని (అమెరికా ఆడిటర్ని) అడిగితే "ఇండియా చట్టం నాకు తెలీదు" అంటాడు. అక్కడి ఆడిటర్ని అడిగితే "అమెరికాది మనకెందుకు సార్, ఇక్కడిది చూద్దాం" అంటాడు. మా తోడల్లుడేమో "ఇండియాలో ఉన్నవాడికి అమెరికా పన్నేంటి, వచ్చేయ్" అంటున్నాడు. రెండూ కలిపి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

ఫ్రిస్కో_శీను
తోడల్లుడి మాట అసలు వినకండి. అమెరికా సిటిజన్ చంద్రమండలంలో ఉన్నా ఐఆర్ఎస్‌కి (అమెరికా పన్ను శాఖకి) రిటర్న్ వేయాల్సిందే. ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా లెక్క చెప్పాలి. గ్రీన్ కార్డుకీ అదే రూలు.

వరంగల్_వాసు
ఫారిన్ ఎర్న్‌డ్ ఇన్‌కమ్ ఎక్స్‌క్లూజన్ అని ఉంటది కదా అన్నా? లక్షా ముప్పై వేల డాలర్ల దాకా పన్ను లేదంటరు. రిటైరైనోళ్లకి అంత వస్తదా?

లెక్కల_మాస్టారు
వాసు గారూ, 2025కి 1,30,000 డాలర్లు అన్నది నిజమే. కానీ అది ఒళ్లు వంచి సంపాదించిన జీతానికీ, సొంత పని ఆదాయానికీ మాత్రమే. పెన్షన్, సోషల్ సెక్యూరిటీ, వడ్డీ, అద్దె, షేర్ల లాభం ఏవీ అందులోకి రావు. రిటైరైనవాళ్లకి దానితో పనే లేదు.

వరంగల్_వాసు
సమజైంది మాస్టారూ.

విశాఖ_ఆడిటర్
ఈ రకం కేసులు మా దగ్గరికి చాలా వస్తాయి కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మీరు ఇండియా వచ్చిన మర్నాడే మీ అమెరికా ఆదాయం మీద ఇక్కడ పన్ను పడదు. మధ్యలో ఆర్‌ఎన్‌ఓఆర్ అనే మెట్టు ఒకటుంది. రెసిడెంటే, కానీ 'నాట్ ఆర్డినరీ'. గత పదేళ్లలో తొమ్మిదేళ్లు నాన్ రెసిడెంట్‌గా ఉన్నా, లేదా గత ఏడేళ్లలో ఇండియాలో ఉన్న రోజులన్నీ కలిపి 729 దాటకపోయినా ఆ హోదా వస్తుంది. రెండింట్లో ఏ ఒక్కటి కుదిరినా చాలు. ఆ హోదా ఉన్నంతకాలం అమెరికాలో మీకొచ్చే వడ్డీ, డివిడెండ్, 401(కె) డబ్బు, షేర్ల లాభం ఇండియా ముట్టుకోదు. డబ్బు మాత్రం ముందు అమెరికా ఖాతాలోనే పడాలి. నేరుగా ఇక్కడి ఖాతాలో పడేలా పెట్టుకుంటే 'ఇండియాలో అందిన ఆదాయం' అని పేచీ వస్తుంది.

ఇక ఎప్పుడు దిగాలన్నది. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి. అక్టోబర్ 2 తర్వాత దిగితే మార్చి 31కి 182 రోజులు నిండవు. ఆ ఏడాది అంతకుముందు వచ్చి వెళ్లకపోతే, వెనకటి నాలుగేళ్లలో ఇక్కడున్న రోజులు 365 లోపే ఉంటే, ఆ ఏడాదికి మీరు నాన్ రెసిడెంటే. ఆ తర్వాత రెండేళ్లు ఆర్‌ఎన్‌ఓఆర్. అంటే రెండున్నరేళ్లు ఊపిరి పీల్చుకోవచ్చు. అదే జూన్‌లోనో జులైలోనో దిగారనుకోండి, ఆ ఏడాదే రెసిడెంటు అయిపోతారు, గడువు అప్పటి నుంచే మొదలవుతుంది. మూడు నెలల తొందరకి దాదాపు ఏడాది పోవచ్చు. ఇల్లు ఖాళీ చేసేసి, కంటైనర్ ఎక్కించేశాక నా దగ్గరికి వస్తారు. అప్పుడు నేను చేయగలిగింది ఏమీ ఉండదు. ముందు అడగండి.

ఎడిసన్_గోదారోడు
ఇంత స్పష్టంగా ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు సార్. మేం మే నెల అనుకున్నాం, మావిడిపళ్ల టైముకి.

ఫ్రిస్కో_శీను
మావిడిపళ్లు పైయేడు కూడా కాస్తాయి గురువుగారూ. దసరా వెళ్లాక దిగండి.

తెనాలి_అమ్మాయి
సోషల్ సెక్యూరిటీ మీద ఇండియాలో కట్టాలా వద్దా? మా ఊళ్లో ఒకాయన కడుతున్నారు, ఇంకొకాయన ఇన్నేళ్లలో ఒక్క రూపాయి కట్టలేదు. ఇద్దరూ తమదే రైటంటారు.

లెక్కల_మాస్టారు
కట్టనాయనదే రైటు. భారత్-అమెరికా పన్ను ఒప్పందం 1989లో సంతకమై 1990 చివర్లో అమల్లోకి వచ్చింది. అందులో 20వ ఆర్టికల్ రెండో పేరా చూడండి. ఒక దేశం ఇచ్చే సోషల్ సెక్యూరిటీ సొమ్ము మీద ఆ దేశానికే పన్ను హక్కు. ఇండియా రెసిడెంటుకి అమెరికా ఇస్తే, అమెరికాకే. ఇక్కడి రిటర్న్‌లో ఒప్పందం కింద మినహాయింపుగా చూపించాలి, దాచేయకూడదు.

అమెరికాలో కూడా మొత్తం మీద పడదు. మిగతా ఆదాయాన్ని బట్టి గరిష్ఠంగా 85 శాతం వరకు పన్ను లెక్కలోకి వస్తుంది. 65 దాటినవాళ్లకి 2025 నుంచి 2028 దాకా తలకి 6,000 డాలర్ల అదనపు డిడక్షన్ కూడా ఇచ్చారు. ఒంటరివాళ్లకి 75,000, జంటకి 1,50,000 డాలర్ల ఆదాయం దాటితే అది తగ్గుతూ వస్తుంది.

ఎడిసన్_గోదారోడు
మరి 401(కె) కూడా అదే రూలేనా?

లెక్కల_మాస్టారు
కాదు. అసలు చిక్కు అక్కడే ఉంది. అదే ఆర్టికల్ మొదటి పేరా ప్రకారం ప్రైవేటు పెన్షన్ మీద హక్కు నివాసమున్న దేశానిది. అంటే ఆర్‌ఎన్‌ఓఆర్ అయిపోయాక ఇండియాది. కానీ ఒప్పందం మొదటి ఆర్టికల్‌లోనే అమెరికా ఒక మెలిక పెట్టుకుంది. తన సిటిజన్లకి, ఈ ఒప్పందం లేనట్టే పన్ను వేసుకునే హక్కు తనకుంటుందని. సోషల్ సెక్యూరిటీని అందులోంచి తప్పించారు, ప్రైవేటు పెన్షన్ని తప్పించలేదు. కాబట్టి సిటిజన్ 401(కె)లోంచి తీస్తే ఇద్దరూ చెయ్యి చాపుతారు.

విశాఖ_ఆడిటర్
చాపినా రెండుసార్లు కట్టక్కర్లేదు మాస్టారూ. అమెరికాలో కట్టింది చూపించి ఇండియాలో ఫామ్ 67 వేసి, ఆ మేరకు ఇక్కడి పన్ను తగ్గించే క్రెడిట్ తీసుకుంటున్నాం. మా క్లయింట్లకి అలాగే నడుస్తోంది.

లెక్కల_మాస్టారు
నడుస్తోంది అంటే ఎవరూ అడగలేదనే కదా అర్థం. కేవలం పౌరసత్వం కారణంగా అమెరికా వేసిన పన్నుకి ఇండియా క్రెడిట్ ఇవ్వాల్సిన పని లేదని 25వ ఆర్టికల్ చదివితే నాకు అర్థమవుతోంది. అటు చూస్తే, అమెరికాలో పుట్టిన ఆదాయం కాబట్టి ఐఆర్ఎస్ కూడా మామూలు దారిలో ఫారిన్ ట్యాక్స్ క్రెడిట్ ఇవ్వదు. అధికారి పట్టుబడితే పెద్దమనిషి మధ్యలో నలిగిపోతాడు. డెబ్బై ఏళ్ల వయసులో నోటీసులు పట్టుకుని తిరగడం ఎవరికి ఇష్టం?

విశాఖ_ఆడిటర్
మీరు చెప్పింది చదవదగ్గ వాదనే, కాదనను. నేను క్రెడిట్ క్లెయిమ్ చేసే ప్రతి కేసుకీ కారణాలు రాతపూర్వకంగా ఫైల్లో పెడతాను. కానీ ఒకటి ఒప్పుకుందాం. ఈ గొడవ మొత్తం ఆర్డినరీ రెసిడెంటు అయ్యాకే. ఆర్‌ఎన్‌ఓఆర్ ఏళ్లలో తీసుకున్న డబ్బు మీద ఇండియా పన్నే లేదు కాబట్టి ఈ ప్రశ్నే రాదు. అందుకే ఆ ఏళ్లని వృథా చేయొద్దని నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతున్నాను.

ఫ్రీమాంట్_కృష్ణ
ఇక్కడ ఆడిటర్ గారితో నేను ఏకీభవిస్తాను. మా అన్నయ్య ఆ రెండేళ్లలోనే 401(కె)లోంచి పెద్ద భాగం విడతలుగా తీసి మామూలు బ్రోకరేజ్ ఖాతాలోకి మార్చుకున్నాడు. 59న్నర దాటాడు కాబట్టి 10 శాతం పెనాల్టీ లేదు. స్టేట్ ట్యాక్స్ కూడా లేదు. కాలిఫోర్నియా వదిలేసినవాళ్ల రిటైర్మెంట్ సొమ్ము మీద ఆ రాష్ట్రం పన్ను వేయకూడదని 1996లో ఫెడరల్ చట్టం వచ్చింది. ఇది చాలామందికి తెలీదు, భయపడి టెక్సస్‌లో అడ్రస్ వెతుక్కుంటారు.

ఎడిసన్_గోదారోడు
న్యూజెర్సీకీ అదే వర్తిస్తుందా?

ఫ్రీమాంట్_కృష్ణ
ఏ రాష్ట్రమైనా అంతే. నిజంగా ఆ రాష్ట్రం రెసిడెన్సీ వదిలేసి ఉండాలి. ఇల్లు ఉంచుకుని, లైసెన్సు ఉంచుకుని, ఓటు కూడా ఉంచుకుని వెళ్లిపోయానంటే నమ్మరు.

తెనాలి_అమ్మాయి
అంతా ఒకేసారి తీసేస్తే అమెరికాలో శ్లాబ్ పెరిగిపోదా కృష్ణ గారూ?

ఫ్రీమాంట్_కృష్ణ
అందుకే విడతలుగా అన్నాను. ఏటా ఒక శ్లాబ్ నిండేదాకా మాత్రమే. మొత్తం ఖాళీ చేయాలనేం లేదు.

విశాఖ_ఆడిటర్
మిగిలినదానికి పాత ఆదాయపు పన్ను చట్టంలోని 89ఎ సెక్షన్ వెసులుబాటు ఉంది. 2021 ఫైనాన్స్ చట్టంలో తెచ్చారు. అమెరికా, బ్రిటన్, కెనడా రిటైర్మెంట్ ఖాతాలకి వర్తిస్తుంది. ఫామ్ 10-ఇఇ వేస్తే, ఖాతాలో ఏటా పెరిగే దాని మీద కాకుండా తీసుకున్నప్పుడే ఇండియా పన్ను లెక్కేస్తుంది. ఒకసారి వేశాక వెనక్కి తీసుకునే వీల్లేదు. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది కాబట్టి సెక్షన్ల, ఫామ్‌ల నంబర్లు మారాయి. మీ ఆడిటర్ పాత నంబర్లతో చెబితే కంగారు పడకండి. రాత్ సంగతి మాత్రం ఇంకా తేలలేదు. అమెరికా దాన్ని పన్ను లేనిదంటుంది, ఇండియా చట్టంలో ఆ మాట ఎక్కడా లేదు.

వరంగల్_వాసు
ఇదంతా చెప్పకుంటే ఎవరికి తెలుస్తది అన్నా? ఇక్కడ బ్యాంకుల ఎఫ్డీ ఉంటే అమెరికాకి ఎట్ల ఎరుక?

ఫ్రిస్కో_శీను
వాసూ, బ్యాంకులో కేవైసీ అప్‌డేట్ అని ఒక కాగితం ఇస్తారే, అందులో "ఇండియా కాక వేరే దేశంలో పన్ను చెల్లింపుదారా?" అని గడి ఉంటుంది చూశావా? అది ఫాట్కా కాగితం. 2015 జులైలో రెండు దేశాలూ ఒప్పందం చేసుకున్నాయి. అమెరికా మనుషుల ఖాతాల వివరాలు మన బ్యాంకులు మన పన్ను శాఖకి ఇస్తాయి, వాళ్లు ఐఆర్ఎస్‌కి ఇస్తారు. గడిలో "కాదు" అని టిక్ పెడితే అది ఇంకో అబద్ధం.

నెల్లూరు_రవి
మా పెదనాన్న గారి అబ్బాయి కథ చెబుతా. పెదనాన్న తన డబ్బుతోనే ఎఫ్డీలు వేసుకుని, పెద్దవాణ్ని కదా అని కొడుకు పేరు కూడా జాయింట్‌గా పెట్టారు. బాండ్లన్నీ బీరువాలో పట్టుబట్టల కింద. మీద 'ఐదర్ ఆర్ సర్వైవర్' అని ముద్ర. డాలస్‌లో ఉన్న కొడుక్కి వాటి సంగతే తెలీదు. పెదనాన్న పోయాక బీరువా తీస్తే బయటపడ్డాయి. విదేశీ ఖాతాల వివరాలు అమెరికాకి చెప్పే ఎఫ్‌బార్ ఫామ్‌లో ఎన్నడూ చూపలేదు.

లెక్కల_మాస్టారు
ఇది ప్రతి తెలుగు ఇంట్లో ఉన్న కథ. డబ్బు ఎవరిదన్నది కాదు, ఖాతా మీద మీ పేరు ఉంటే చాలు, ఎఫ్‌బార్‌లో లెక్కే. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజు 10,000 డాలర్లు దాటినా వేయాలి. గడువు ఏప్రిల్ 15, అడక్కుండానే అక్టోబర్ 15 దాకా పొడిగింపు ఉంటుంది. వేయడానికి రూపాయి ఖర్చు లేదు, పన్నూ లేదు, వివరాలు చెప్పడమే. రవి గారూ, ఆయన ఏం చేశారు?

నెల్లూరు_రవి
పాత తప్పులు సరిదిద్దుకోవడానికి స్ట్రీమ్‌లైన్డ్ అనే పద్ధతి ఉందట కదా, అందులో వెళ్లాడు. మూడేళ్ల రిటర్నులు సరిదిద్ది, ఆరేళ్ల ఎఫ్‌బార్‌లు వేసి, కావాలని దాచలేదని సంతకం పెట్టాడు. అమెరికాలో ఉంటున్నాడు కాబట్టి 5 శాతం పెనాల్టీ కట్టాడు. ఇండియాలో ఉంటూ ఆ షరతులు కుదిరినవాళ్లకి ఆ 5 శాతం కూడా ఉండదట.

పద్మజ_డాలస్
మా నాన్నగారి సంగతి అడగాలి. జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్మాస్టర్‌గా రిటైరయ్యారు. ఆంధ్రా ప్రభుత్వ పెన్షన్ వస్తుంది. నేను స్పాన్సర్ చేస్తే అమ్మానాన్నలిద్దరికీ గ్రీన్ కార్డు వచ్చింది, మా దగ్గరే ఉంటున్నారు. ప్రభుత్వ పెన్షన్ కాబట్టి అమెరికాలో చూపక్కర్లేదని మా సీపీఏ అన్నాడు. నిజమేనా?

లెక్కల_మాస్టారు
పద్మజ గారూ, ఇది జాగ్రత్తగా చదవండి. ప్రభుత్వ పెన్షన్ మీద ఇచ్చే ప్రభుత్వానికే హక్కని 19వ ఆర్టికల్ అంటుంది. మీ సీపీఏ అక్కడితో ఆగిపోయారు. ఇంతకుముందు నేను చెప్పిన మెలిక దీనికీ ఉంది. 19వ ఆర్టికల్ మేలు సిటిజన్లు కానివాళ్లకీ, ఇమిగ్రెంట్ హోదా లేనివాళ్లకే. గ్రీన్ కార్డు అంటే ఇమిగ్రెంట్ హోదాయే కదా. కాబట్టి నాన్నగారి పెన్షన్ అమెరికా రిటర్న్ ఫామ్ 1040లో చూపాలి. ఇండియాలో పన్ను పడితే దానికి ఫామ్ 1116 మీద క్రెడిట్ తీసుకోవచ్చు. వేరే ఆదాయం లేకపోతే స్టాండర్డ్ డిడక్షన్ పోయాక అమెరికాలో కట్టేది బహుశా ఏమీ ఉండదు. కానీ చూపకపోవడం తప్పవుతుంది. ఆయన ఎస్‌బీఐ పెన్షన్ ఖాతా, ఎఫ్డీలు ఎఫ్‌బార్‌లో కూడా రావాలి.

పద్మజ_డాలస్
అయ్యో. బడిలో రూపాయి లెక్క తేడా వస్తే నిద్రపోని మనిషి ఆయన. ఇది తెలిస్తే నన్నే కూర్చోబెట్టి వేయిస్తారు. ఈ వారమే మొదలుపెడతా. విజిటర్ వీసా మీద వచ్చిపోయే అత్తయ్యగారికి కూడా ఉంటుందా?

లెక్కల_మాస్టారు
ఆవిడకి రోజుల లెక్క ఉంటుంది. ఈ ఏడాది రోజులు మొత్తం, పోయినేడాదివి మూడో వంతు, అంతకుముందువి ఆరో వంతు కలిపితే 183కి చేరకూడదు. చేరినా, ఈ ఏడాది రోజులు 183 కంటే తక్కువై, ఇల్లూవాకిలీ ఇండియాలోనే ఉంటే ఫామ్ 8840 వేసి బయటపడవచ్చు.

కోనసీమ_కుర్రాడు
మొదటి పోస్టులో గోదారోడు గారు పొలం కౌలు అన్నారు, దాని గురించి ఎవరూ మాట్లాడట్లేదు. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కదా?

విశాఖ_ఆడిటర్
ఇండియాలో లేదు. అమెరికా సిటిజన్‌కి అమెరికాలో ఉంది. ఐఆర్ఎస్ దృష్టిలో అది అద్దె ఆదాయం. ఇక్కడ పన్ను కట్టరు కాబట్టి దాని మీద చూపించుకునే క్రెడిట్ కూడా లేదు. ఎన్‌ఆర్‌ఈ వడ్డీకీ ఇదే కథ. ఇక్కడ మాఫీ, అక్కడ పన్ను.

కోనసీమ_కుర్రాడు
మా దగ్గర కౌలు బస్తాల్లో కొలుస్తారు. ఎకరాకి ఇన్ని బస్తాలని మాట. తొలకరికి కొన్ని, దాళ్వాకి కొన్ని. తుపాను వస్తే కౌలుదారు మొహం చూసి తగ్గించాలి. అసలు కాగితమే ఉండదు. ఐఆర్ఎస్‌కి ఏం చూపిస్తాం?

ఎడిసన్_గోదారోడు
నాదీ అదే పరిస్థితి. మా కౌలుదారు తాత కాలం నుంచీ ఉన్నాడు, నోటి మాటే. పోయినసారి వానకి పనలు నీళ్లలో నానిపోతే సగం వదిలేశాం.

విశాఖ_ఆడిటర్
ధాన్యం అమ్మిన తేదీ, ధర, బ్యాంకులో పడిన మొత్తం ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. నీటి తీరువా రశీదులు, మీరు పెట్టిన ఖర్చులు దాచండి, తగ్గించుకోవచ్చు. వదిలేసిన కౌలు మీ చేతికి రాలేదు కాబట్టి అది లెక్కలోకి రాదు. ఇంకోటి, మీకు ఓసీఐ (భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే కార్డు) ఉన్నా కొత్తగా వ్యవసాయ భూమి కొనలేరు. వారసత్వంగా వచ్చింది ఉంచుకోవచ్చు. రాజమండ్రి రాగానే పక్క పొలం అమ్మకానికి ఉందని ఎవరో వస్తారు, మొహమాటపడకండి.

తెనాలి_అమ్మాయి
మ్యూచువల్ ఫండ్స్ గురించి కూడా చెప్పండి. వచ్చిన నెలలోనే బ్యాంకు వాళ్లు సిప్ పెట్టమని వెంటపడతారు.

ఫ్రీమాంట్_కృష్ణ
సిటిజన్ గానీ గ్రీన్ కార్డు గానీ ఉన్నవాళ్లు ఇండియా ఫండ్స్ జోలికి పోవద్దు. అమెరికా వాటిని పీఎఫ్ఐసీ (ఒక రకం విదేశీ పెట్టుబడి కంపెనీ) అంటుంది. ఫండుకో ఫామ్ 8621, లాభం మీద అత్యధిక రేటు, పైన వడ్డీ. వచ్చిన లాభం కంటే సీపీఏ ఫీజు ఎక్కువవుతుంది. ఎఫ్డీలు, నేరుగా షేర్లు అయితే ఈ బెడద లేదు.

ఫ్రిస్కో_శీను
గురువుగారూ, మీ ఆవిడ గ్రీన్ కార్డు సంగతి మర్చిపోయారు. ఇండియాలో స్థిరపడితే కార్డు నిలవదు.

లెక్కల_మాస్టారు
మంచి మాట గుర్తుచేశారు. కార్డు మీద గడువు తీరిపోతే పన్ను కూడా తీరిపోతుందనుకుంటారు. తీరదు. ఫామ్ ఐ-407 ఇచ్చి అధికారికంగా వదులుకునేదాకా రిటర్నులు వేస్తూనే ఉండాలి. గత 15 ఏళ్లలో 8 ఏళ్లు కార్డు ఉన్నవాళ్లు వదులుకునేటప్పుడు ఫామ్ 8854 కూడా వేయాలి. అప్పుడు ఆవిడ పేరు మీదున్న ఆస్తి 20 లక్షల డాలర్లు దాటితే ఎగ్జిట్ ట్యాక్స్ (హోదా వదులుకునేటప్పుడు పడే పన్ను) ప్రశ్న వస్తుంది. వదులుకున్నాక ఆవిడ సోషల్ సెక్యూరిటీలో 85 శాతం మీద 30 శాతం, అంటే చెక్కులో 25.5 శాతం ముందే పట్టుకుని ఇస్తారు. ఆవిడకి అర్హత ఉంటే సిటిజన్‌షిప్ తీసుకుని రావడమా, వదిలేసి రావడమా అన్నది ఇప్పుడే కూర్చుని తేల్చుకోండి. అక్కడికెళ్లాక తేల్చుకునే విషయం కాదు.

పద్మజ_డాలస్
మెడికేర్ కూడా ఇండియాలో పనిచేయదు, బీమా విడిగా చూసుకోండి.

మోడరేటర్
బీమా మీద వేరే చర్చ నడుస్తోంది. ఇక్కడ పన్ను వరకే ఉంచుదాం.

ఎడిసన్_గోదారోడు
అందరికీ చేతులెత్తి దండం. మా ఆవిడతో కూర్చుని మాట్లాడాను. ఆమె పరీక్ష రాసి సిటిజన్‌షిప్ తీసుకుంటానంది. అది వచ్చాక నవంబర్‌లో దిగుతాం. ఒక్క సందేహం. ఆ ఏడాది మేలో మేనకోడలి పెళ్లికి వచ్చి వెళ్లాలి. ఆ రోజులు కూడా లెక్కకొస్తాయా?

విశాఖ_ఆడిటర్
వస్తాయి. ఏప్రిల్ 1 నుంచి ఇండియాలో ఉన్న ప్రతి రోజూ కలుస్తుంది. పెళ్లికి మూడు వారాలు ఉన్నా, నవంబర్ మొదట్లో దిగితే 182 లోపే ఉంటారు. పాస్‌పోర్టు మీద ముద్రలున్న పేజీలు ఫోటో తీసి పెట్టుకోండి, పాత పాస్‌పోర్టువి కూడా. ఎన్‌ఆర్‌ఈ ఖాతాలు వచ్చిన వెంటనే రెసిడెంట్ ఖాతాలుగా మార్చాలి. డాలర్లలోనే ఉంచాలనుకున్న డబ్బుకి ఆర్‌ఎఫ్‌సీ ఖాతా తెరవండి, ఆర్‌ఎన్‌ఓఆర్ ఉన్నంతకాలం దాని మీద వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. ఆర్డినరీ రెసిడెంటు అయిన ఏడాది నుంచి అమెరికా ఖాతాలన్నీ ఇక్కడి రిటర్న్‌లోని షెడ్యూల్ ఎఫ్ఏలో చూపించాలి. అది జనవరి నుంచి డిసెంబర్ లెక్క, ఏప్రిల్ నుంచి మార్చి కాదు.

ఎడిసన్_గోదారోడు
రాసుకున్నాను సార్. నాన్నగారు పోయాక జాయింట్ ఖాతాలు ఇంకేమైనా ఉన్నాయేమో, పెళ్లికి వచ్చినప్పుడు బ్యాంకులో కూడా కనుక్కుంటాను.

నెల్లూరు_రవి
పోస్టాఫీసులో కూడా అడగండి. మా పెదనాన్నవి రెండు అక్కడే దొరికాయి.